వియత్నాం సీరియల్ గురించి మాట్లాడమన్నారు

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకి, పొద్దుట్నుంచి ఈ మైకుతో కుస్తీ పడుతున్న తమ్ముడికి నమస్కారం. నేను హిందీ సీరియళ్ళకి తెలుగులో గొంతిచ్చే డబ్బింగ్ మనిషిని. నేను చెప్పుకోవాల్సింది వేరే ఉంది కాబట్టి చరిత్ర గబగబా కానిచ్చేస్తాను.

సైగాన్‌లో, అంటే ఇప్పటి హో చి మిన్ సిటీలో, టీవీ 1966లో వచ్చింది. అమెరికా నేవీ విమానం గాల్లో చక్కర్లు కొడుతూ అక్కణ్ణుంచే ప్రసారం చేసేది. హనోయ్‌లో తొలి ప్రసారం 1970 సెప్టెంబరు 7న, యుద్ధం నడుస్తుండగా. వినోదానికని ప్రభుత్వ టీవీ వీటీవీ వాళ్ళ వీటీవీ3 ఛానల్ 1996లో మొదలైంది. హో చి మిన్ సిటీకి హెచ్‌టీవీ ఉంది. మెకాంగ్ డెల్టాలో విన్ లాంగ్ స్టేషన్ వాళ్ళయితే, సీరియళ్ళతోనే పెద్ద ఛానళ్ళకి పోటీ ఇస్తారు.

2019లో వీటీవీ1లో ఒక సీరియల్ ఆ దేశాన్ని ఊపేసింది. పేరుకి ‘ఇంటికొచ్చెయ్ తల్లీ’ అని అర్థం. భార్య పోయిన తండ్రి, ముగ్గురు కూతుళ్ళు, అంతే కథ. 85 ఎపిసోడ్లలో అయిపోయింది. అవును, అయిపోయింది! మన దగ్గర ఆ పాటికి పెద్దమ్మాయి నిశ్చితార్థం కూడా అవదు. నవ్వకండి, నేను బతికింది ఆ సాగదీత మీదే.

మా అబ్బాయి హనోయ్‌లో ఉద్యోగం చేసేటప్పుడు వెళ్ళాను. నాది ఇండియా అని తెలియగానే ఇంటి ఓనరావిడ కొంగు తల మీదికి లాక్కున్నట్టు చెయ్యి పెట్టి, కళ్ళు ఇంత చేసి నన్ను ఉరిమి చూసింది. నాకు వెంటనే వెలిగింది. దాదీసా! ఒక హిందీ సీరియల్లో నాయనమ్మ. మా టీవీలో ‘చిన్నారి పెళ్లికూతురు’గా వచ్చిందే, అదే ‘బాలికా వధు’. వాళ్ళకి ‘ఎనిమిదేళ్ళ పెళ్లికూతురు’. ఆ దేశంలో దానికి మామూలు పిచ్చి కాదు.

ఆ సాయంత్రం ఆవిడ టీవీలో చైనా సీరియల్ వస్తోంది. రాజు మాట్లాడినా, రాణి ఏడ్చినా, పసిపిల్లాడు అరిచినా ఒకే ఆడగొంతు. హెచ్చూ తగ్గూ లేకుండా వార్తలు చదివినట్టు చదువుతోంది. వెనకాల అసలు చైనా మాటలు సన్నగా వినబడుతూనే ఉన్నాయి. దీన్ని ‘థుయెట్ మిన్’ అంటారట. మనలా ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు పెట్టే పద్ధతీ అక్కడుంది, దక్షిణాన ఎక్కువ. మొదట నవ్వొచ్చింది. కాసేపటికి కుళ్ళు పుట్టింది. తెర మీద లేని ఒక మనిషి కథ చదువుతోందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇక్కడ నేనున్నానని ఎవరికి తెలుసు?

మా డబ్బింగ్ పని చూడండి. హిందీలో క్లోజప్ పెట్టినప్పుడు తెర మీది ఆవిడ ‘మా’ అంటుంది. పెదాలు ముందు మూసి తర్వాత తెరవాలి. మన ‘అమ్మా’లో ముందు తెరిచి తర్వాత మూయాలి. ఆ అరక్షణం తేడాకి పదం మార్చి, ఊపిరి బిగబట్టి, ఏడుపు ఆపి మళ్ళీ ఏడవాలి. ఒక సీరియల్‌కి అత్తగారి గొంతు నాదే, ఏళ్ళ తరబడి. ఒక్కరోజు కూడా టైటిల్స్‌లో నా పేరు పడలేదు. అడిగితే ఆ ఛానల్ మేనేజర్, “అమ్మా, పేరేస్తే మాయ పోతుంది” అన్నాడు. పేమెంట్ కూడా అలాగే మాయమయ్యేది, అది వేరే సంగతి.

వియత్నాంలో ఛానళ్ళు చూపించే కథాచిత్రాల్లో కనీసం 30 శాతం స్వదేశానివి ఉండాలని రూలుంది. రూలు పెట్టాలనుకుంటే పెట్టొచ్చన్నమాట. నేను అంత కూడా అడగను. మూడు సెకన్లు. టైటిల్స్ చివర మూడంటే మూడు సెకన్లు గొంతులిచ్చినవాళ్ళ పేర్లు.

ఇదిగో, మూడో వరసలో ఫోన్ చూస్తున్న బాబూ, నువ్వు రేపు ఏదో ఒక ఛానల్లో ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చుంటావు. ఆ పేర్ల ప్లేటు తెర మీద వెయ్యాల్సింది నువ్వే.

టైమైపోయిందని సార్ చెయ్యి ఊపుతున్నారు. టీ బల్ల పక్కన ఛానళ్ళకి రాసిన వినతిపత్రం పెట్టాను, పెన్ను కూడా కట్టాను. సమోసా తీసుకునే ముందు సంతకం.