మా అమ్మ సర్పంచ్ ఓటు వెయ్యకుండానే పోయింది

(2021 గ్రామ పంచాయతీ ఎన్నికల తర్వాత, అనంతపురం జిల్లా కల్యాణదుర్గం దగ్గరి మా ఊరి రచ్చకట్ట కాడ జరిగిన అభినందన సభలో మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, కొత్త సర్పంచక్కకు, ఉప సర్పంచ్ అన్నకు, గెలిచిన వార్డు మెంబర్లకు, బడి హెడ్మాస్టరు సారుకు, పొద్దున్నుంచీ టెంటు కింద కుర్చీలు మోసిన పిల్లోళ్లకు, అక్కడ చిత్రాన్నం కలుపుతున్న అక్కలకు, వదినెలకు, ఓడిపోయి కూడా పెద్ద మనసుతో ఈ సభకు వచ్చిన ఉంగరం గుర్తు అక్కకు, ఆమె తరఫు వాళ్లకు, ఎవరినన్నా మరిచిపోయుంటే వాళ్లకూ నమస్కారం.

నన్ను థ్యాంక్స్ చెప్పి కూచోమన్నారు. చెప్తాను. కానీ దాంతో కూచోను. నాకొక మాట చెప్పుకోవాల్సి ఉంది. మైకు మళ్లీ నా చేతికి ఎప్పుడొస్తుందో తెలీదు.

అనౌన్స్ చేసినాయన నన్ను వాలంటీరు అన్నాడు. ఇప్పుడు వాలంటీరంటే ఇంటికొచ్చి పింఛను ఇచ్చే గవర్నమెంటు వాలంటీరనుకుంటారు. నేను ఆ వాలంటీరును కాదు. మిషను కుట్టుకుంటాను, మా పొదుపు సంఘం లెక్కలు రాస్తాను. సాయంత్రం పూట కత్తెర గుర్తు కాగితాలు పట్టుకుని గడప గడపకూ తిరిగాను. ఏ పార్టీ కండువా వేసుకోలేదు. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులే ఉండవు. మన అక్కకు కత్తెర వచ్చింది, ఆ అక్కకు ఉంగరం వచ్చింది. గుర్తు వచ్చిన దినం నుంచి పోలింగుకు మధ్య వారం కూడా లేదు. ఆ వారంలో ఎవరింటికి పోయినా మజ్జిగో, టీయో ఇచ్చి పంపినారు. మీకు ఓటు వెయ్యం అని మొహం మీదే చెప్పిన ఇళ్లలో కూడా ఇచ్చినారు. వాళ్లకు థ్యాంక్స్.

ఇంకో థ్యాంక్స్, పెద్దది, బెంగళూరు పోయినోళ్లకు. శెనిక్కాయ పంట పోయిన ప్రతి సంవత్సరం ఈ ఊర్లో తాళాలు పడిన ఇళ్లు ఎన్నో మీకు తెలుసు. వాళ్లంతా అక్కడ కట్టే బిల్డింగుల కాడ రేకుల షెడ్లలో ఉంటారు. ఎమ్మెల్యే ఎన్నికలకైతే వాళ్ల కోసం బస్సులు పెడతారు, అన్నాలు పెడతారు. ఈసారి ఎవరూ బస్సు పెట్టలేదు. మేం ఫోన్లు చేసినాం, అంతే. సొంత చార్జీలు పెట్టుకుని, కూలి పోగొట్టుకుని, పావగడ మీదుగా రాత్రంతా బస్సుల్లో నిలబడి వచ్చినారు. పోలింగు పొద్దున ఆరున్నరకు మొదలై మధ్యాహ్నం మూడున్నరకు అయిపోయే. ఒక చెల్లెలు, ఆమె మొగుడు మూడు దాటినాక దిగినారు. ఇంటికి కూడా పోలేదు. బ్యాగు బడి గోడకు ఆనించి, చంటిబిడ్డను నా చేతిలో పెట్టి, “ఓటేసొచ్చి పాలిస్తానక్కా” అని లైన్లో నిలబడింది. ఆ బిడ్డ ఏడుస్తా ఉంటే నేను వరండాలో తిప్పుకుంటా ఉన్నాను. నాలుగింటికి కౌంటింగు మొదలైంది. ఫలితం చెప్పేటప్పటికి వాళ్లు తిరుగు బస్సులో ఉన్నారు. ఈ సభలోనూ లేరు. చప్పట్లు వాళ్లకు కొట్టండి. గట్టిగా కొట్టండి. ఆ పిల్లోడు వీడియో తీస్తున్నాడు, వాళ్లకు పంపిస్తాం.

సరే. ఇప్పుడు నా మాట. పెద్దలు నొచ్చుకోవద్దు. నొచ్చుకున్నా చెప్తాను.

జనవరిలో నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఇదే కట్ట మీద మీటింగు పెట్టినారు. పోటీ ఎందుకప్పా, కొట్లాటలెందుకు, ఏకగ్రీవం చేసుకుందామన్నారు. రెండు వేల లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, దానికి పైన అయిదు వేల దాకా ఉంటే 10 లక్షలు గవర్నమెంటు ఇస్తుందన్నారు. అది నిజమే, పేపర్లో వచ్చింది. దానికి తోడు గుడికి ఇంత ఇస్తానని ఒకాయన ముందుకొచ్చినాడు. సీటు మహిళలకు రిజర్వు అయ్యింది కదా. ఆ దినం ఈ కట్ట మీద ఒక్క ఆడమనిషన్నా కూచునిందా? కింది వీధి వాళ్లెవరన్నా కట్ట ఎక్కినారా? వాళ్లు ఆ వేపచెట్టు కాడ నిలబడి విన్నారు. నేను మా ఇంటి అరుగు మీద నుంచి విన్నాను. ఊరంతా ఒప్పుకున్నట్టు రాసుకోబోయినారు. మమ్మల్ని అడిగినోళ్లు లేరు.

మా అమ్మ గురించి చెప్తాను. మీలో చాలామందికి తెలుసు ఆమె. ఓటంటే ప్రాణం ఆమెకు. ఎమ్మెల్యే ఓటు, ఎంపీ ఓటు ఒక్కటి కూడా వదల్లేదు. పోలింగు దినం తలకు పోసుకుని, పెట్టెలో చీర తీసి, పెళ్లికి పోయినట్టు పోయేది. కానీ సర్పంచ్ ఓటు జీవితంలో ఒక్కసారి కూడా వెయ్యలేదు. వెయ్యనిస్తేగా? 1994లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది, 1995లో ఎన్నికలు పెట్టినారు. మన ఊర్లో ఏకగ్రీవం. ఆ ఏడాది నామినేషన్ వేస్తానని బయల్దేరిన ఒకాయన చీనీ తోటను రాత్రికి రాత్రి నరికేసినారు. కాపు మీదున్న చెట్లు. తెల్లారి ఆయన నామినేషన్ కాగితాలు ఇంట్లోనే పెట్టేసినాడు. 2001లో ఏకగ్రీవం. 2006లో ఏకగ్రీవం. నరకాల్సిన పని కూడా లేకపోయింది, అందరికీ ఆ చెట్లు గుర్తున్నాయి. 2013లో మా అమ్మ నన్నడిగింది, “ఈసారన్నా మన బళ్లో పెట్టె పెడతారామ్మా?” అని. పెట్టలేదు. 2018లో పాలకవర్గం గడువు తీరిపోతే ఎన్నికలు పెట్టకుండా స్పెషలాఫీసర్లను పెట్టినారు. తర్వాత కోర్టులు, కరోనా, మళ్లా కోర్టులు. ఈ జనవరిలో సుప్రీంకోర్టు అడ్డు తీసేసినాక గానీ ఎన్నికలు కదల్లేదు. ఆ మధ్యలోనే మా అమ్మ పోయింది.

ఒక ఎండాకాలం మా వీధికి నీళ్లు రాలేదు. వారం దాటింది. మా అమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని అప్పటి సర్పంచ్ ఇంటికి పోయింది. నేను చిన్నదాన్ని, వెంబడి పోయినాను. ఆయన మంచి మాటే మాట్లాడేవాడు మామూలుగా. ఆ దినం నలుగురిలో ఉన్నాడు. “నీ ఓటుతో గెలిచినానా నేను, నన్నొచ్చి అడగడానికి?” అన్నాడు. మా అమ్మ నోట మాట రాలేదు. దారిలో కూడా మాట్లాడలేదు. నేను పెద్దయినాక ఆ మాట ఎన్నిసార్లు తలచుకున్నానో. ఆయన చెప్పింది నిజం. ఆయన ఆమె ఓటుతో గెలవలేదు. ఈ ఊర్లో ఒక్కరి ఓటుతో కూడా గెలవలేదు. అందుకే ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదనుకున్నాడు. మీరంటారే, ఏకగ్రీవమైతే ఊరు ప్రశాంతంగా ఉంటుందని. ప్రశాంతంగానే ఉండింది. అడిగే నోరు లేకపోతే ప్రశాంతంగా ఉండక ఏమవుతుంది?

అందుకే నేను తిరిగినాను. నాకు కత్తెర గెలవడం కావాల. అబద్ధం చెప్పను, చాలా కావాల. కానీ దానికన్నా ముందు మన బళ్లో పెట్టె పెట్టడం కావాల. మొదట నిలబడాలనుకున్న అక్కకు మూడో బిడ్డ ఉందని చట్టం ఒప్పుకోలేదు. అప్పుడు ఈ అక్క ముందుకొచ్చింది. ఆ తర్వాత అవతల ఉంగరం అక్క నామినేషన్ వేసింది. ఆ దినం ఆమె ఎవరి తరఫు అని నేను చూడలేదు. పోటీ ఉంది, ఎన్నిక జరుగుతుంది అని ఏడ్చినాను.

ఇంకోటి చెప్పాల. పంచాయతీ బ్యాలెట్ మీద మనిషి పేరు ఉండదు, గుర్తు ఒక్కటే ఉంటుంది. సర్పంచ్‌కు గులాబీ కాగితం, వార్డు మెంబరుకు తెల్ల కాగితం. మిషన్ ఓటుకు అలవాటైన వాళ్లకు ఇది కొత్త. ఒక జేజి అడిగింది, “పేరే లేదే, ఎవరికి వేసినట్టు నాకెట్ల తెలుస్తుంది?” అని. అప్పటి నుంచి పలక పట్టుకుని తిరిగినాను. రెండు గుర్తులు గీసి చూపించేదాన్ని. ముద్ర గడి మధ్యలో పడాల, గీత మీద పడకూడదు. మొదట నిలువుగా మడవాల, తర్వాత అడ్డంగా. అడ్డంగా మొదట మడిస్తే పచ్చి సిరా పక్క గుర్తు మీద అంటుకుంటుంది, కౌంటింగులో తగాదా వస్తుంది. పాత కాగితాలు మడిచి మడిచి చూపించినాను. పై వీధిలో కూడా చూపించినాను. మేము ఉంగరానికి వేస్తాం అన్నారు. వెయ్యండి, కానీ చెల్లేటట్టు వెయ్యండి అన్నాను. మన వాళ్లే నన్ను తిట్టినారు, వాళ్లకెందుకు నేర్పిస్తావని. ఇక్కడే ఉన్నారు తిట్టినోళ్లు. నేర్పించింది మంచిదే అని ఇప్పుడు కూడా చెప్తాను. వాళ్ల అమ్మలకు కూడా అది మొదటి సర్పంచ్ ఓటే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మన మెజారిటీ రెండంకెలు దాటలేదు. అంటే దగ్గర దగ్గర సగం ఊరు ఉంగరానికి వేసింది. గెలిచిన రాత్రి కొందరు పిల్లోళ్లు పటాకులు తీసుకుని ఆ అక్క వాకిట్లో కాల్చడానికి బయల్దేరితే సర్పంచక్క చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి ఆపింది. అక్కా, నీకు దండం. అదొక్కటి చాలు నీ కోసం ఎందుకు తిరిగినానో చెప్పుకోవడానికి. కానీ నిన్న పై వీధికి నీళ్లు వదల్లేదు. మొన్నా వదల్లేదు. వాల్వు తిప్పే తాతను అడిగినాను. ఎవరో వచ్చి, వాళ్లు మనకు ఓటెయ్యలేదు కదా, ఎందుకు తిప్పుతావు అన్నారంట.

ఆ మాట విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అదే మాట. మా అమ్మ బిందెతో విన్న మాట. ఇప్పుడు మన నోట్లో నుంచి వస్తుంది! ఇది అక్కకు తెలియకుండా జరిగింది, నాకు తెలుసు. ఎవరన్నారో నేనడగను. అన్నోళ్లు ఈ టెంటు కిందే ఉన్నారు. సామీ, మీ కాళ్లు మొక్కుతాను, ఈ సభ అయిన వెంటనే పోయి ఆ వాల్వు తిప్పించండి. పై వీధి ఆడోళ్లు మిమ్మల్ని అడగకముందే తిప్పించండి.

మన జిల్లాకు ఒక పేరుంది. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1959 నవంబర్ 1న, మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ మొదలైంది. రాజస్థాన్‌లో అక్టోబర్ 2న మొదలుపెడితే, ఆ తర్వాత మనమే. అనంతపురం మనిషి చేతి మీదుగా వచ్చిన పని అది. మరి మన ఊర్లో గ్రామసభ ఎట్లా జరిగేదో గుర్తు చేసుకోండి. చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు జరపాల. ఓటరు లిస్టులో ఉన్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే, ఎవరికి ఓటేసినా సరే. ఇక్కడేమో రిజిస్టరు ఇంటింటికీ వచ్చేది. మా అమ్మ చేత కూడా వేలిముద్ర వేయించుకుపోయినారు, బియ్యం తెచ్చుకునే కాడ. ఏ తీర్మానానికి వేసిందో ఆమెకు తెలీదు.

బావా, మీరు కూడా నొచ్చుకోవద్దు. అక్క పక్కన మీరు కూచున్నారు, దండ మీకూ వేసినారు, సంతోషం. కానీ గ్రామసభలో కుర్చీ అక్కది. సంతకం అక్కది. అడిగినోళ్లకు జవాబు అక్క చెప్తుంది. ఆమెకు వచ్చు. ఆ రాత్రి పటాకులు ఆపినప్పుడు ఎవరినీ అడగలేదు ఆమె.

ఎన్నికల ఖర్చు లెక్కలు 45 దినాల్లోపల ఇవ్వాల, గెలిచినోళ్లు, ఓడినోళ్లు అందరూ. ఆటో బాడుగలు, కాగితాల బిల్లులు ఎవరి కాడన్నా ఉంటే నాకివ్వండి. ఉంగరం అక్కా, నీ లెక్కలు కూడా నేనే రాసిస్తాను, రేపు సాయంత్రం ఇంటికొస్తాను.

సర్పంచక్కా, చివరిగా ఒకటడుగుతున్నాను, ఇంతమంది ముందర. మొదటి గ్రామసభ ఎప్పుడో ఇప్పుడే చెప్పు. ఈ కట్ట మీద వద్దు, పై వీధి కొళాయి కాడ పెడదాం. తేదీ చెప్పక్కా. ఇదిగో మైకు.