చలిని దాచని పుస్తకాలు

అందరికీ నమస్కారం. పిల్లల పుస్తకాల మీద సభ అంటే హాలు నిండా పెద్దవాళ్ళే కనిపిస్తున్నారు. పిల్లలేమో బయట స్టాళ్ళ దగ్గరున్నారట. ఉండనివ్వండి, వాళ్ళే సరైన చోట ఉన్నారు.

మా తరంలో చాలామందికి మంచు మొదట పరిచయమైంది సోవియట్ పుస్తకాల్లోనే. ఉప్పల లక్ష్మణరావు గారి వంటివారు మాస్కోలో ఉండి తెలుగు చేసి పంపితే, ఇక్కడ విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికేవి. ఆ రష్యాకు ఆనుకునే ఉన్న ఫిన్లండ్ పిల్లలు ఏం చదువుకున్నారో మనం పెద్దగా పట్టించుకోలేదు. ఇవాళ ఆ సంగతి మాట్లాడదామనుకున్నాను.

ఫిన్లండ్ శీతాకాలం ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. డిసెంబరు నడిమికి హెల్సింకీలో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. ఉత్తరాన ఉత్స్‌యోకి వైపు వెళ్తే దాదాపు ఏడు వారాలు సూర్యుడే పైకి రాడు. అక్కడి పిల్లలు ఆ చీకట్లోనే బడికి వెళ్తారు, ఆ చీకట్లోనే ఆడుకుంటారు. అలాంటి పిల్లల కోసం రాసేవాళ్ళు చీకటిని దాచలేరు. దాచకుండా, అలాగని భయపెట్టకుండా ఎలా రాశారన్నదే నాకు ఆసక్తి.

అలా రాసిన రచయిత్రి తూవె యాన్సన్ 1914లో హెల్సింకీలో పుట్టింది. నాన్న శిల్పి, అమ్మ బొమ్మలు వేసేది, తపాలా బిళ్ళలకు కూడా. ఇంట్లో మాట్లాడేది స్వీడిష్, ఆమె రాసిందీ ఆ భాషలోనే. 1939లో సోవియట్ సైన్యం ఫిన్లండ్ మీదికి వచ్చిన ఆ చలికాలంలో, బొమ్మలు వెయ్యబుద్ధి కాక ఒక కథ మొదలుపెట్టింది. అది 1945లో పుస్తకమైంది. అవే మూమిన్ కథలు. బొద్దుగా, తెల్లగా, పెద్ద ముక్కుతో ఉండే మూమిన్లనే ఊహా జీవులను మీరు కాఫీ కప్పుల మీద చూసే ఉంటారు. ఆ కప్పులు చూసి, ఇదేదో ముద్దుగా ఉండే చిన్నపిల్లల వ్యవహారమనుకుంటారు చాలామంది. పుస్తకాలు చదివితే ఆ అభిప్రాయం నిలవదు.

1957లో వచ్చిన శీతాకాలపు కథ చూడండి. మూమిన్ కుటుంబమంతా కడుపునిండా పైన్ ఆకులు తిని నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నిద్రపోతుంది. ఒక రాత్రి ముఖం మీద వెన్నెల పడి పిల్లవాడు మూమిన్‌ట్రోల్‌కి మెలకువ వచ్చేస్తుంది. ఇక నిద్ర పట్టదు. అమ్మను లేపుతాడు, ఆమె లేవదు. తలుపులు మంచులో కూరుకుపోయాయి. చివరికి ఇంటి కప్పులోంచి బయటపడతాడు. మంచంటే ఏమిటో అంతకుముందు చూసి ఎరగడు.

బయట టూ-టికీ అనే ఆవిడ కనిపిస్తుంది. సముద్రం ఒడ్డున వీళ్ళకున్న స్నానాల గుడిసెలోనే చలికాలమంతా ఉంటోంది. పిల్లవాడు బెంగపడుతుంటే ఆవిడ ఓదార్చదు. ఎవరికి వాళ్ళే చూసి తెలుసుకోవాలి, ఒంటరిగానే దాటాలి అన్న ధోరణి ఆవిడది. మొదట చదివినప్పుడు నాకు కోపమొచ్చింది, ఇదేం మనిషిరా బాబూ అని. కానీ ఆవిడ వాణ్ణి వదిలేసి పోదు. పక్కనే ఉంటుంది, సూప్ కాస్తుంది, వాడి పని మాత్రం తను చెయ్యదు. ఈ పాత్రకు మూలం యాన్సన్ జీవిత సహచరి, చిత్రకారిణి తూలిక్కి పియెతిలా.

చలికాలం గడిచేకొద్దీ ఆకలితో అతిథులు వస్తారు. వాడు అమ్మ దాచిన జామ్ సీసాలన్నీ తీసి పెట్టేస్తాడు. అమ్మ ఏమంటుందోనని లోపల ఒకటే టెన్షన్. వసంతం మొదట్లో వాడు జలుబు చేసి తుమ్మితే, అన్నాళ్ళూ ఎంత లేపినా లేవని అమ్మ ఆ ఒక్క తుమ్ముకు లేచి కూర్చుంటుంది. జామ్ అయిపోయిందని కోప్పడదు.

ఇలాంటివన్నీ ఇంత గంభీరంగా ఉంటాయని కాదు. ఫిన్లండ్‌కే చెందిన బొమ్మల పుస్తకాల రచయిత మౌరి కున్నస్ పుస్తకాల్లో పాతకాలపు ఫిన్లండ్ పల్లె జీవితాన్నంతా కుక్కలు నడిపిస్తాయి. పొలం పనులు, పండగలు, సావునా అనే ఆవిరి స్నానాలు, అన్నీ. ప్రతి బొమ్మలో ఏదో మూల ఎవరో ఒకరు అల్లరి చేస్తూనే ఉంటారు. అవి చదివిన పిల్లలకు వేరే సాంఘిక శాస్త్రం అక్కర్లేదు. స్వీడన్‌లో పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ సంగతి మీకు తెలిసిందే. పిల్లల్ని కొట్టకూడదని ఆమె 1978లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో గట్టిగా మాట్లాడింది. మరుసటి ఏడాదే స్వీడన్ ఆ మేరకు చట్టం చేసింది.

ఇంట్లో చదివి వినిపించేవాళ్ళకు ఒక మాట చెప్పి ముగిస్తాను. ఆ శీతాకాలపు కథలో ఒక ఉడుత ఉంటుంది. మతిమరుపు, తోక మీద మహా గర్వం. చలిని వెంటబెట్టుకొచ్చే ఒకావిడ ఉంటుంది, చలిదొరసాని అనుకోండి, ఆవిడ కళ్ళలోకి చూసి ఆ ఉడుత గడ్డకట్టి చనిపోతుంది. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడ పేజీలు దాటేస్తారు. దాటెయ్యకండి. ఆ పేజీ అడుగునే రచయిత్రి ఒక చిన్న సూచన రాసి పెట్టింది: ఏడుపొస్తే తర్వాత వచ్చే ఫలానా పేజీ ఒకసారి చూసుకోమని. ఆ పేజీలో ఏముందో నేను చెప్పను. మీ పిల్లలు మీకంటే ముందే తిప్పి చూసేస్తారు. ఇక ప్రశ్నలుంటే అడగండి.