300 మంది పిల్లలు 28 మంది ఎలా అవుతారు?

(భీమవరంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, బీఈడీ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

విద్యా గణాంకాలు, మూల్యమాపనంలో, అంటే పరీక్షలు పిల్లల చదువును ఎంత సరిగా కొలుస్తున్నాయో లెక్కలతో తేల్చే శాస్త్రంలో, పీహెచ్‌డీ చేస్తే ఏమొస్తుందని అడిగేవారిలో చాలామంది మనసులో ఉన్నది ఉద్యోగం. ఆ ముక్క ముందే చెప్పేస్తాను. పరీక్షలు నిర్వహించే సంస్థలు, విద్యా సర్వేలు, విశ్వవిద్యాలయాలు, 2023లో ఎన్‌సీఈఆర్‌టీలో ఏర్పాటైన జాతీయ మూల్యాంకన కేంద్రం పరఖ్, ఇలా పరీక్ష ఉన్న ప్రతిచోటా ఈ పని ఉంది. తెలిసి చేసేవారే తక్కువ. ఇక అసలు విషయానికి వద్దాం.

ఈఏపీసెట్‌నే తీసుకోండి. 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, నెగెటివ్ మార్కులు లేవు. ప్రశ్న చదవకుండా క్లిక్ చేసుకుంటూ పోయినా సగటున 40 మార్కులు వస్తాయి. అలా చేసేవారిలో నూటికి 95 మంది దాదాపు 29కీ 51కీ మధ్య ఉంటారు. మరి 48 మార్కులు వచ్చిన అబ్బాయికి ఏమైనా తెలుసా, తెలియదా? ఆ మార్కు ఒక్కటే చూసి చెప్పలేం. పైగా పరీక్ష పలు విడతల్లో జరుగుతుంది. ఉదయం ప్రశ్నలూ మధ్యాహ్నం ప్రశ్నలూ ఒకే కష్టంతో ఉండవు కాబట్టి ఆ తేడాకు తగ్గట్టు మార్కులను సరిచేసే నార్మలైజేషన్ తప్పదు. ఫలితాల రోజున తల్లిదండ్రులు తిట్టిపోసేది దాన్నే, పాపం!

వచ్చిన మార్కులో అసలు సామర్థ్యంతో పాటు పొరపాటు కూడా కలిసి ఉంటుందని, ఆ పొరపాటును లెక్కగట్టవచ్చని 1904లోనే బ్రిటిష్ మనస్తత్వవేత్త స్పియర్‌మన్ చూపించాడు. 1960లో డెన్మార్క్ గణితవేత్త జార్జ్ రాష్ మరో మెట్టు ఎక్కాడు. విద్యార్థి సామర్థ్యాన్నీ ప్రశ్న కాఠిన్యాన్నీ ఒకే కొలబద్ద మీద పెట్టాడు. ఇద్దరు పిల్లలు వేర్వేరు ప్రశ్నలు రాసినా వారిని పోల్చే దారి అక్కడ దొరికింది.

ఒక ప్రశ్న రాద్దాం. '40 కౌంట్ రొయ్య ఒక్కోటి సగటున ఎన్ని గ్రాములు?' ఇక్కడి చెరువుగట్ల మీద పెరిగిన పిల్లవాడికి కౌంట్ అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క. 25 గ్రాములని నోటితోనే చెప్పేస్తాడు. 100 కౌంట్ కంటే 40 కౌంట్‌కు ఎందుకు ఎక్కువ ధర పలుకుతుందో కూడా చెబుతాడు. రాయలసీమ మెట్ట ఊళ్ళో అదే తరగతి పిల్లవాడు భాగహారంలో దిట్టే కావచ్చు, కౌంట్ అన్నచోటే ఆగిపోతాడు. మొత్తం మార్కులు సమానంగా వచ్చిన రెండు ప్రాంతాల పిల్లలను పక్కపక్కన పెట్టి, ఈ ఒక్క ప్రశ్నలో ఎందరు నెగ్గారో చూస్తే ప్రశ్న పక్షపాతం బయటపడుతుంది. మాంటెల్, హెన్‌జెల్ అనే గణాంకవేత్తలు 1959లో వ్యాధుల అధ్యయనాల కోసం ఇచ్చిన పద్ధతిని తర్వాత ఈ పనికి తెచ్చుకున్నారు. పట్నం పిల్లలకు అనువైన ప్రశ్నలు మన పల్లెపిల్లల పేపర్లలో ఎన్ని దూరాయో ఇలాగే వెతకాలి. నన్నడిగితే ఒక సిద్ధాంత గ్రంథానికి ఇదొక్కటే చాలు.

మనవాళ్ళు చేస్తున్నదేమిటి? ఆరు బడుల్లో 300 మందికి ప్రశ్నావళి పంచుతారు. లింగం, నివాస ప్రాంతం, పాఠశాల యాజమాన్యం వారీగా టీ-టెస్టులు, అంటే రెండు గుంపుల సగటుల మధ్య తేడాను పరీక్షించే లెక్కలు, వేస్తారు. 'గణనీయమైన తేడా ఉంది' అని రాసి బైండింగుకు ఇస్తారు. ఇలాంటి సిద్ధాంత గ్రంథాలు లైబ్రరీల్లో కొల్లలు.

ఇందులో దోషమేమిటో మీ పొలాలే చెబుతాయి. పంట కోత ప్రయోగంలో వరిచేలో ఐదు మీటర్ల చదరం కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఒకే బోదె కింద పక్కపక్క చేలల్లో 50 చదరాలు కోస్తే మండలం దిగుబడి తెలుస్తుందా? ఆ చేలకు నీరొకటే, నేలొకటే. శివారు భూముల సంగతి వాటికేం తెలుసు? ఒకే బడి పిల్లలూ అంతే: మాస్టారొకరే, ఊరొకటే. బడికి 50 మంది చొప్పున తీసుకుని, ఒకే బడి పిల్లల మధ్య సహసంబంధం, అంటే వారి మార్కులు ఒకదాన్నొకటి పోలి ఉండే కొలత, 0.2 అనుకుందాం. ఒక్కరు పోగా బడిలో మిగిలేది 49 మంది; ఒకటికి 49 రెట్లు 0.2 కలిపితే 10.8. దానితో 300ను భాగించండి, 28కి కాస్త తక్కువ. అంటే 300 మందిని అడిగామనుకున్నాం గానీ, చేతికొచ్చిన సమాచారం ఒకరితో ఒకరికి సంబంధం లేని 28 మంది ఇచ్చేంతే. టీ-టెస్టుకు ఈ సంగతి పట్టదు. పిల్లల స్థాయినీ బడి స్థాయినీ విడివిడిగా లెక్కలోకి తీసుకునే బహుళస్థాయి నమూనాలు నేర్చుకోవలసింది ఇందుకే.

పొలం పోలిక నేను కల్పించింది కాదు. బ్రిటిష్ గణాంకవేత్త ఫిషర్ తన పద్ధతులు చాలావాటికి ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ ప్రయోగాల్లోనే రూపమిచ్చాడు. వాటిని విద్యా పరిశోధనలోకి తెచ్చినవారిలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయపు లిండ్‌క్విస్ట్ ముఖ్యుడు. 1959లో అమెరికా కళాశాలల ప్రవేశానికి వాడే ఏసీటీ పరీక్షను మొదలుపెట్టినవారిలోనూ ఆయన ఉన్నాడు. ఈ విషయంలో డాక్టరేట్ ఇచ్చే పాత కేంద్రాల్లో అయోవా ఒకటి.

మన దేశంలో చేరాలంటే సాధారణంగా పీజీలో 55 శాతం, ప్రవేశ పరీక్ష లేదా నెట్ కావాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం కనీస గడువు మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. కోర్సువర్క్ అందులోనే. స్టాటిస్టిక్స్ వారు బడికి వెళ్ళి కూర్చోవాలి. బీఈడీ వారు సంభావ్యత, రిగ్రెషన్‌ గట్టిగా పట్టుకోవాలి. రెండోదే కష్టం, దాచడమెందుకు? గణాంకాలకు వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ ఉచితమే కాబట్టి డబ్బు సాకు చెప్పకండి.

అంశం ఎంచుకునే ముందు డేటా సంగతి తేల్చుకోండి. మొత్తం మార్కులు ఎక్కడైనా దొరుకుతాయి, వాటితో ఈ పని కాదు. ఏ విద్యార్థి ఏ ప్రశ్నకు ఏ జవాబు గుర్తించాడో కావాలి. అది ఎవరూ ఇవ్వకపోతే మీరే తయారుచేయండి: ఎనిమిదో తరగతి లెక్కల్లో 30 ప్రశ్నలు రాసి, అనుమతి తీసుకుని, డెల్టా ఎగువనా దిగువనా ఉన్న వీలైనన్ని బడుల్లో పెట్టండి. బడికి పదిమంది చాలు, బడులే ఎక్కువ కావాలి. ఆ ఫైలు పట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్ళండి. ఆయన ముందుగా జెండర్ వారీ టీ-టెస్ట్ వేయమంటే మరో గైడ్‌ను వెతుక్కోండి.

ఇక మీరు అడగండి.