తెలుగు అక్షరం తెరమీద ఎటు నుంచి మొదలవ్వాలి?

యాంకర్: నమస్కారం. అక్షరాలు నేర్పే ఓ యాప్‌లో ‘క’ అంచు వెంబడి గీత పాకి, చివర్లో లోపల రంగు నిండే వీడియో అందరి ఫోన్లలో తిరుగుతోంది. తల్లిదండ్రులు మండిపడుతున్నారు. ప్రభుత్వమే ఒక రాత క్రమం ప్రకటించాలా? ముందు టీచర్‌గారు.

టీచర్: మేం పలక మీద కింది భాగం రాయించాకే తలకట్టు పెట్టిస్తాం. ఆ వీడియోలో రెండూ ఒకేసారి...

ప్రోగ్రామర్: విడిగా ఎలా వస్తాయండీ? ఫాంట్‌లో ఉన్నది గీత కాదు, అంచు. దానికి స్ట్రోక్-డ్యాష్‌ఆఫ్‌సెట్, అంటే గీతను కొద్దికొద్దిగా చూపించే అమరిక, పెడితే అంచే కదులుతుంది. చెయ్యి వెళ్లే దారి అందులో లేదు, ఎవరో ఒకరు కూర్చుని గీయాల్సిందే. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో అక్షరాన్ని కింది లేయర్‌లో లేతగా పెట్టి లాక్ చేసి, పై లేయర్‌లో పెన్ టూల్‌తో మధ్య గీత గీయాలి. కలం ఎత్తే చోట ఆ పాత్, అంటే గీసిన దారి, ఆపి కొత్తది మొదలుపెట్టాలి.

యాంకర్: ఎక్కడ ఎత్తాలో ప్రభుత్వం చెప్పాలంటారు!

ప్రోగ్రామర్: అది తర్వాత. ప్రతి పాత్‌కీ గెట్‌టోటల్‌లెంత్ అనే ఆదేశంతో పొడవు తీసుకోవాలి. గీత ముక్క పొడవు చెప్పే డ్యాష్‌అరే, దాన్ని జరిపే డ్యాష్‌ఆఫ్‌సెట్ రెంటికీ అదే పొడవు ఇచ్చి, ఆఫ్‌సెట్‌ను సున్నాకు తెస్తే గీత పడుతుంది. వేగం అన్నిటికీ ఒకటే ఉండాలి. కింది భాగం 300 యూనిట్లు, తలకట్టు 60 అనుకుందాం. సెకనుకు 150 చొప్పున ఒకటి 2 సెకన్లు, రెండోది 0.4. మధ్యలో కలం ఎత్తిన విరామం 0.3 కలిపితే తలకట్టు 2.3 దగ్గర మొదలవ్వాలి. గీత చివరి నుంచి వెనక్కి వస్తోందంటే పాత్ దిశ తిరగబడిందన్నమాట. పాత్ మెనూలో రివర్స్ నొక్కాలి.

ఫాంట్ డిజైనర్: ఒక్క మాట. ఒకే మందమైతే అక్షరం తీగలా కనిపిస్తుంది. ఫాంట్ ఆకారాన్నే క్లిప్‌పాత్‌గా, అంటే దాని బయటిది కనబడకుండా చేసే అచ్చుగా, పెట్టి, కింద లావు గీత నడిపితే...

ప్రోగ్రామర్: అక్కడే దెబ్బ తింటారు! చైనా అక్షరాల ‘మేక్ మీ ఎ హాంజీ’ డేటాతో అది కుదురుతుంది, అక్కడ ప్రతి గీతకూ విడి ఆకారం, విడి మధ్య గీత ఉన్నాయి కాబట్టి. మన ‘అ’ చూడండి. గీత మెలిక తిరిగి తన పక్క నుంచే వెళ్తుంది. లావు చోటు కూడా కప్పేలా మందం పెంచారా, ఇంకా రాయని మెలిక ముందే బయటపడుతుంది. మెలిక దగ్గర ఆకారాన్ని కోసి ముక్కకో క్లిప్ ఇవ్వాలి.

ఫాంట్ డిజైనర్: కోసిన చోట సన్నటి తెల్ల గీత పడుతుంది.

ప్రోగ్రామర్: ముక్కల్ని ఒక యూనిట్ మేర ఒకదాని మీదికి ఒకటి ఎక్కించండి, పోతుంది.

యాంకర్: నా ప్రశ్న అలాగే ఉంది. జపాన్‌లో ప్రభుత్వం ప్రకటించింది కదా?

ఫాంట్ డిజైనర్: 1958లో అక్కడి విద్యాశాఖ 881 కాంజీలకు, అంటే జపనీస్‌లో వాడే చైనా అక్షరాలకు, మార్గదర్శిని ఇచ్చింది. ఇతర క్రమాలు తప్పనడం లేదని కూడా అందులోనే రాసింది. అక్కడ ‘కుడి’ కాంజీకి ముందు వాలు గీత, ‘ఎడమ’కు ముందు అడ్డగీత. చైనాలో రెంటికీ అడ్డగీతే ముందు.

యాంకర్: ప్రకటించింది, అదే కావాలి నాకు!

టీచర్: తలకట్టు ముందు పెట్టించేవాళ్లూ ఉన్నారు. వాళ్లది తప్పని ఎలా...

(అందరూ ఒకేసారి)

ప్రోగ్రామర్: ముందో వెనకో, తలకట్టు విడి పాత్‌గా ఉండి తీరాలి! ‘కి’, ‘కె’లలో తలకట్టు పోయి గుడి, ఎత్వం వస్తాయి. ‘కు’లో ఉంటుంది. కింది భాగం ఒకసారి గీస్తే గుణింతమంతటికీ సరిపోతుంది.

టీచర్: ‘మొ’, ‘యొ’లకు సరిపోదండీ. వాటి రాతే వేరు.

ప్రోగ్రామర్: వాటిని విడిగా గీద్దాం. మళ్లీ చెబుతున్నా, అంచు కాదు, మధ్య గీత! కాంజీల రాత క్రమం ఉన్న కాంజీవీజీ డేటాలో అక్షరానికో ఫైలు, అడ్డం నిలువు 109 యూనిట్ల చట్రం, గీతకో పాత్, వరుసగా. తెలుగుకూ అలాగే చెయ్యాలి.

యాంకర్: ఎవరు చెయ్యాలి? ప్రభుత్వమేగా?

టీచర్: ముందు రాయించేవాళ్లను అడగండి. మా మాట...

ప్రోగ్రామర్: ఇంకోటి, గీత కొసకు గుండ్రటి లైన్‌క్యాప్ పెడితే కొన్ని బ్రౌజర్లలో మొదలుకాని గీత దగ్గర చుక్క కనిపిస్తుంది. దాని వంతు వచ్చేదాకా ఒపాసిటీ సున్నా చేసి కనబడకుండా ఉంచాలి.

యాంకర్: సమయం లేదు. ప్రోగ్రామర్‌గారు తేల్చి చెప్పారు, ప్రభుత్వం కదలాలి.

ప్రోగ్రామర్: నేనలా అనలేదు! పాత్‌లు గీయమన్నాను...

టీచర్: నాకొక్క నిమిషం...

యాంకర్: విరామం తర్వాత వార్తలు.