పూతరేకుల షాపుకి టెంప్లేట్, నగల షాపుకి కస్టమ్: రెండు వెబ్‌సైట్లూ పెట్టి చూశాక నా రివ్యూ

హాయ్ అండి, అందరికీ నమస్తే. "మాకు చిన్న షాపు ఉందండి, వెబ్‌సైట్ పెడదామనుకుంటున్నాం, రెడీమేడ్ టెంప్లేట్ తీసుకోమంటారా, ఎవరితోనైనా కస్టమ్‌గా చేయించుకోమంటారా" అని చాలామంది అడుగుతున్నారు, నేనేమో విడివిడిగా ఒక్కొక్కళ్ళకీ నాలుగు ముక్కల్లో చెప్పి వదిలేస్తున్నా, అది సరిపోవట్లేదు. అందుకే ఈసారి మా ఇంట్లోవే రెండు సైట్లు పక్కపక్కన పెట్టి చూపిస్తా. ఒకటి మా వదినది, ఆత్రేయపురంలో ఇంటి దగ్గరే పూతరేకులు చుట్టి అమ్ముతుంది, అది టెంప్లేట్ సైటు. రెండోది మా బాబాయిది, తెనాలిలో చిన్న నగల షాపు, అది కస్టమ్. ఈ వీడియోకి ఎవరూ డబ్బులివ్వలేదు, రెండిటికీ బిల్లులు మేం కట్టుకున్నవే.

ముందు వదిన సైటు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే అధికారిక గుర్తింపు, వచ్చింది కదా, ఆ తర్వాత వదినకి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి ఫోన్లు పెరిగాయి, అన్నీ వాట్సాప్‌లోనే, "బెల్లంవి ఎంత, పంచదారవి ఎంత, డ్రైఫ్రూట్‌వి ఉన్నాయా" అని అదే మాట రోజుకి ముప్ఫైసార్లు టైప్ చేయాలి, ఒక పక్క కుండ మీద రేకు తీస్తూ. రేకు తీసేటప్పుడు చేతికి పిండి ఉంటుంది, ఫోన్ ముట్టుకోవడానికి ఉండదు, ఈలోపు అవతలివాళ్ళు ఇంకో షాపులో ఆర్డర్ పెట్టేస్తారు. అంటే తనకి సైటుతో కావాల్సింది చాలా చిన్న పని, రకాలు, రేట్లు, పది పీసుల బాక్సా ఇరవై పీసుల బాక్సా, డబ్బు కట్టే బటన్, అంతే.

ఈ పని కోసం కస్టమ్ చేయించడం అనవసరం అని నేను గట్టిగా చెప్తా. సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ 2003 నుంచీ ఉంది, ఫ్రీ, దాని మీద షాపు కోసం వూకామర్స్ ప్లగిన్, అంటే దానికి తగిలించుకునే అదనపు ముక్క, అదీ ఫ్రీయే, వీటి మీద స్వీట్ షాపుల కోసం చేసిన ఒక థీమ్, అంటే రెడీమేడ్ డిజైన్, కొన్నాం. డాట్ ఇన్ డొమైన్, అంటే సైటు అడ్రస్, 700, సైటుని నెట్‌లో ఉంచే చోటు, అంటే హోస్టింగ్, ఏడాదికి 3,600, థీమ్ 4,900, మొత్తం 9,200 అయింది. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, ఆ హోస్టింగ్ రేటు మొదటి ఏడాది ఆఫర్ రేటు, రెన్యువల్‌కి మాకు దాదాపు రెట్టింపు చూపించింది, కాబట్టి కొనేటప్పుడే రెన్యువల్ రేటు ఎంతో చూసి కొనండి.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి, ఎడం పక్కన థీమ్ డెమో, కుడి పక్కన మేం మొదటిరోజు పెట్టింది. డెమోలో ఆ కేకులూ ఆ వెలుగూ ఎంత బాగున్నాయో చూశారా, వదిన కూడా అది చూసే ఓకే అంది. మన ఫోటోలు పెట్టగానే మొత్తం కళ పోయింది. ఎందుకంటే ఆ అందంలో సగానికి పైగా ఫోటోలదే, డిజైన్‌ది తక్కువ. పూతరేకు తెల్లగా ఉంటుంది, మేం దాన్ని స్టీలు పళ్ళెంలో పెట్టి, ట్యూబ్‌లైట్ కింద, వెనకాల తెల్ల గోడ వచ్చేలా తీశాం, తెలుపు మీద తెలుపు, ఏదో కాగితం చుట్ట పెట్టినట్టుంది. తర్వాత పొద్దున ఎనిమిదింటికి కిటికీ పక్కన, పాత టేకు పీట మీద అరిటాకు ముక్క వేసి, ఒక పూతరేకుని మధ్యకి విరిచి, లోపల బెల్లం పొడి, నెయ్యి తడి కనపడేలా అదే ఫోన్‌తో తీశాం. చూడండి తేడా. థీమ్ అదే, ఒక్క లైను కోడ్ మార్చలేదు. అందుకే నేను చెప్పేది ఏంటంటే, మీ దగ్గర ఇరవై వేలు ఉంటే అందులో సగం ఫోటోలకీ, సరుకు గురించి మంచి నాలుగు మాటలు రాయించుకోవడానికీ పెట్టండి, రేపు సైటు మార్చినా ఆ ఫోటోలూ ఆ మాటలూ మీతోనే వస్తాయి.

ఇంకొకటి, ఇది మన తెలుగువాళ్ళకే వచ్చే ఇబ్బంది, ఇంగ్లీషు రివ్యూల్లో ఎవరూ చెప్పరు. పెద్ద హెడ్డింగ్ చూడండి, "స్వచ్ఛమైన నేతి పూతరేకులు" అని పెట్టాం. జూమ్ చేస్తున్నా. చ కింద ఛ వత్తు సగం తెగిపోయింది, కనపడుతోందా? ఈ థీములు ఇంగ్లీషు అక్షరాలకి కొలిచి చేసినవి, ఇంగ్లీషుకి అక్షరం కింద వత్తులు ఉండవు కాబట్టి లైన్ హైట్, అంటే ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు, బాగా తగ్గించేస్తారు, ఇందులో 1.1 ఉంది, దాంతో కింద లైను పైకొచ్చి వత్తు మీద కూర్చుంటుంది, లేదా బాక్సు అంచుకి తగిలి కట్ అవుతుంది. పైగా హెడ్డింగ్ స్టైల్‌గా ఉండాలని లెటర్ స్పేసింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం, కూడా పెడతారు, తెలుగులో అది పెడితే మాట మొత్తం చెల్లాచెదురుగా కనపడుతుంది. మేం ఏం చేశామంటే లైన్ హైట్ 1.6 పెట్టి, లెటర్ స్పేసింగ్ సున్నా చేసి, ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా ఉండే మండలి పెట్టాం, హెడ్డింగులకి రామభద్ర. ఫాంట్ మీరు పెట్టకపోతే థీమ్ ఫాంట్‌లో తెలుగు ఉండదు కాబట్టి ఒక్కో ఫోన్‌లో దానికున్న ఫాంట్ వచ్చేస్తుంది, ఒకరికి ఒకలా ఇంకొకరికి ఇంకోలా. థీమ్ కొనేముందే డెమోలో మీ షాపు పేరు తెలుగులో పెట్టి చూపించమని అడగండి, క్షలూ త్రలూ జ్ఞలూ ఉన్న మాట ఏదైనా ఇవ్వండి. మనం అమ్మేది మన ఊరి సరుకు, దాని పేరు తెగిపోయి కనపడితే నాకైతే మనసొప్పదు.

స్పీడ్ సంగతి త్వరగా చెప్పేస్తా. గూగుల్ వాళ్ళ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అని ఫ్రీ టూల్ ఉంది, అందులో మీ అడ్రస్ పెట్టి మొబైల్ ట్యాబ్ చూడండి, ఎల్‌సీపీ అనే అంకె, అంటే పేజీలో అన్నిటికన్నా పెద్ద ఫోటోనో మాటలో కనపడటానికి పట్టే టైము, 2.5 సెకన్ల లోపు ఉండాలి. మాకు మొదట 7 దాటింది, పైన తిరిగే స్లైడర్ తీసేసి, 4 ఎంబీ ఫోటోల్ని వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్‌లోకి మార్చి చిన్నవి చేస్తే దిగింది. డెమో ఇంపోర్ట్ చేసినప్పుడు వచ్చే ఉత్తుత్తి పేజీలు కూడా తీసేయండి, ఎన్నో షాపుల సైట్లలో కాంటాక్ట్ పేజీలో ఇప్పటికీ న్యూయార్క్ అడ్రసే ఉంటుంది, కింద ఏదో పాత సంవత్సరం ఉంటుంది, కస్టమర్ అది చూస్తే డబ్బు కట్టడానికి భయపడతాడు, అందులో తప్పేం లేదు.

ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సర్వీసు, అంటే పేమెంట్ గేట్‌వే, కావాలంటే ప్రైవసీ, రిఫండ్, షిప్పింగ్, టర్మ్స్, కాంటాక్ట్ పేజీలు ఉండాలి, అవి చూశాకే వాళ్ళు లైవ్ చేస్తారు. మాకు పడే చార్జీ 2 శాతం, ఆ చార్జీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 600 రూపాయల బాక్సుకి 14 రూపాయల 16 పైసలు, రేటు వేసేటప్పుడే ఇది కలుపుకోండి. తినే వస్తువు కాబట్టి 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఫుడ్ లైసెన్స్) నంబర్ కింద కనపడేలా పెట్టాం.

ఇప్పుడు బాబాయి సైటు. దీని వెనక కథ ఉంది, అది చెప్పకుండా ముందుకి వెళ్ళను. కొన్నేళ్ళ కిందట బాబాయి ఒకాయనకి 18 వేలు ఇచ్చి సైటు చేయించుకున్నాడు, "మీ కోసమే స్పెషల్‌గా డిజైన్ చేశాం" అన్నాడాయన. రెండేళ్ళు బానే నడిచింది, ఒకరోజు సైటు తెరుచుకోలేదు, ఫోన్ చేస్తే ఎత్తడు. చూస్తే డొమైన్ ఆయన ఈమెయిల్ మీద, ఆయన పేరు మీద కొన్నాడు, రెన్యువల్ కట్టలేదు, అది వేరేవాళ్ళు తీసుకున్నారు. బాబాయి విజిటింగ్ కార్డుల మీద, నగల సంచుల మీద, షాపు బోర్డు మీద అంతా అదే అడ్రస్. ఆ సంచుల కట్టలు ఇంకా షాపు అటక మీదున్నాయి, చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. పాత బ్యాకప్ తెరిచి చూస్తే అది మామూలు టెంప్లేటే, కస్టమ్ అస్సలు కాదు. మీరు కూడా ఎవరైనా కస్టమ్ అని చూపిస్తే, కంప్యూటర్‌లో ఆ పేజీ మీద రైట్ క్లిక్ కొట్టి వ్యూ పేజ్ సోర్స్ తెరిచి డబ్ల్యూపీ-కంటెంట్, స్లాష్, థీమ్స్ అని వెతకండి, దాని పక్కనే థీమ్ పేరు ఉంటుంది, ఆ పేరు గూగుల్ చేస్తే అమ్మకానికి దొరికితే అది టెంప్లేటే. టెంప్లేట్ వాడటం తప్పు కాదు, టెంప్లేట్‌కి కస్టమ్ రేటు తీసుకోవడం తప్పు.

అందుకే, టెంప్లేట్ అయినా కస్టమ్ అయినా, డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో కొనండి. ఫ్రీగా ఇచ్చే అడ్రస్ మీద వ్యాపారం మొత్తం పెట్టకండి, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఫ్రీగా వచ్చే సైట్లని 2024 మార్చిలో ఆపేశారు, ప్రొఫైల్ ఉంది గానీ ఆ సైట్లు లేవు. విక్స్, షాపిఫై అని నెలనెలా కట్టి సైటు పెట్టుకునే సర్వీసులున్నాయి, విక్స్‌లో కట్టిన సైటుని తీసుకెళ్ళి వేరే హోస్టింగ్‌లో పెట్టుకోలేరు, షాపిఫైలో అయితే ప్రొడక్ట్‌ల లిస్టు ఫైలుగా దించుకోవచ్చు, వర్డ్‌ప్రెస్‌ని మొత్తంగా ఎత్తుకెళ్ళి ఇంకోచోట పెట్టుకోవచ్చు. చేరేముందే బయటికొచ్చే దారి ఏంటో అడగాలి.

సరే, మరి బాబాయికి ఈసారి కస్టమే ఎందుకు చేయించాం అంటే, నగ రేటు పూతరేకుల బాక్సు రేటు లాంటిది కాదు. 8 గ్రాముల గొలుసు అనుకోండి, తరుగు 12 శాతం, అంటే 8.96 గ్రాములకి లెక్క, గ్రాము పదివేలు అనుకుంటే 89,600, దాని మీద 3 శాతం జీఎస్టీ 2,688, మొత్తం 92,288. రేపు గ్రాముకి 150 పెరిగిందంటే ఈ ఒక్క గొలుసు మీదే 1,384 రూపాయలు తేడా. ఇలాంటివి షాపులో రెండొందలకి పైగా ఉన్నాయి, ఒక్కోదానికి తరుగు వేరు, రాళ్ళు ఉంటే రాళ్ళ బరువు తీసేయాలి, కొన్నిటికి తరుగు లేకుండా మజూరీ మాత్రమే, ప్రతిదానికి ఆరక్షరాల హెచ్‌యూఐడీ, అంటే హాల్‌మార్క్ గుర్తింపు కోడ్, అది 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. మామూలు షాపు టెంప్లేట్‌లో ఒక వస్తువుకి ఒక రేటు టైప్ చేస్తాం, అది అలాగే కూర్చుంటుంది. రోజు రేటు మార్చే ప్లగిన్లు దొరుకుతాయి, మేం రెండు ప్రయత్నించాం, బాబాయి లెక్క కట్టే పద్ధతికి రెండూ కుదరలేదు, రాళ్ళ నగల దగ్గర తప్పు రేటు చూపించాయి. నగల షాపులో తప్పు రేటు చూపిస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదండి, తాతగారి కాలం నుంచి ఉన్న నమ్మకం.

గుంటూరులో ఇద్దరు కుర్రాళ్ళు చేశారు, 85 వేలు, ఐదు వారాలన్నారు, మూడున్నర నెలలు పట్టింది. ఆలస్యంలో సగం మాదే, ఎందుకంటే తరుగు లెక్కలన్నీ బాబాయి బుర్రలో ఉన్నాయి, కాగితం మీద లేవు, వాళ్ళని షాపులో కూర్చోబెట్టి ఒక్కో నగ చూపిస్తూ చెప్పించాల్సొచ్చింది. కస్టమ్‌కి వెళ్ళేవాళ్ళు ముందు మీ షాపు లెక్క మొత్తం ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, రాయలేకపోతే వాళ్ళు కట్టనూ లేరు. మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి, మేం మూడు విడతలుగా ఇచ్చాం, చివరి విడత కోడ్ మొత్తం, పాస్‌వర్డ్‌లు మొత్తం చేతికొచ్చాక. తర్వాత ఏదైనా పాడైతే ఎవరు చూస్తారు, ఏడాదికి ఎంత తీసుకుంటారు, అది కూడా రాయించుకున్నాం. టెంప్లేట్ అయితే థీమ్ కంపెనీ అప్‌డేట్ ఇస్తుంది, కస్టమ్‌కి ఆ ఇద్దరే దిక్కు, ఇది చిన్న విషయం అనుకోకండి.

ఇదిగో బాబాయి ఫోన్ స్క్రీన్ చూడండి. పొద్దున షాపు తెరిచి, దీపం పెట్టి, ఈ ఒక్క గడిలో ఇవాళ్టి గ్రాము రేటు కొడతాడు. సేవ్. రెండొందల నగలకీ రేటు మారిపోయింది. ఈ ఒక్క గడి కోసం 85 వేలు పెట్టాం అంటే నాకేం బాధ లేదు, మిగతా డిజైన్ అంతా చాలా సాదాగా ఉంది, కావాలనే అలా ఉంచమన్నాం.

మీ షాపులో అలాంటి గడి ఉందా లేదా అనేది చూసుకోండి. బట్టల షాపు, పచ్చళ్ళు, ట్యూషన్లు, బ్యూటీ పార్లర్ అయితే నాకు తెలిసి చాలావరకు టెంప్లేటే సరిపోతుంది. డబ్బు మిగులుద్దని నల్డ్ థీములు, అంటే పైరసీ థీములు మాత్రం దించుకోకండి, అందులో వైరస్ కోడ్ పెట్టి వదులుతారు, కస్టమర్ల డేటాతో ఆడుకోవడమే అది.

మధ్యలో ఇంకో దారి కూడా ఉంది. వదినకి ఇప్పుడు పెళ్ళిళ్ళ ఆర్డర్లు వస్తున్నాయి, ఐదొందలు, వెయ్యి పీసులు, ఏ తేదీకి ఎన్ని చుట్టగలరో చూసి ఒప్పుకోవాలి, ముహూర్తాల రోజుల్లో ఒకే తేదీకి మూడు పెళ్ళిళ్ళు పడతాయి. దీని కోసం సైటు మొత్తం మార్చట్లేదు, ఆ టెంప్లేట్ లోపలే తేదీ చూపించే ఒక్క ఫామ్ చేయిస్తున్నాం, 6 వేలు అడిగారు. థీమ్ ఫైళ్ళలో నేరుగా రాయకుండా విడిగా చిన్న ప్లగిన్‌లా చేయమన్నాం, లేకపోతే థీమ్ అప్‌డేట్ అయినప్పుడల్లా మన పని తుడిచిపెట్టుకుపోతుంది. వచ్చే ముహూర్తాలకి అది ఎలా నడిచిందో వదిన చేతే చెప్పిస్తా, అప్పటిదాకా ఉంటానండి.