షిప్పుల పచ్చిపులుసు

అందరికి నమస్తే. మాది దేవరకొండ దిక్కు. మా దిక్కు నుంచి బొంబాయికి, దుబాయికి పోయినోళ్ళు ఇంటికొకలు దొరుకుతరు గని నేను షిప్పుల వంట చేస్త అంటే ఊర్లె ఇప్పటికి నమ్మరు. నీళ్ళ మీద పొయ్యి ఎట్ల ముట్టిస్తవ్‌రా అని మా పెద్దవ్వ ఎప్పుడొచ్చినా అడుగుతది. ముట్టిచ్చుడే లేదవ్వా, మంట ఉండదు, అంతా కరెంటు ప్లేట్లే.

రేడియోల నాకు ఇచ్చిన టైం తక్కువ, కాబట్టి షిప్పు ఎంత పొడుగుంటది, ఏ ఏ దేశాలు తిరిగిన, అవన్ని పక్కన పెడుతున్న. తిండి ముచ్చటే చెప్త.

మాది సరుకు మోసే షిప్పు, ఇరవై మందికి జర ఎక్కువ ఉంటం. అందరికి వండేది నేనొక్కన్నే, గిన్నెలు కడగనీకి, వడ్డించనీకి ఒక మెస్‌మ్యాన్. పొద్దుగాల ఏడింటికి టిఫిన్, పన్నెండింటికి అన్నం, సాయంత్రం ఆరు కాకముందే రాత్రి భోజనం, ఇగ అర్ధరాత్రి డ్యూటీ ఎక్కెటోళ్ళకు ఫ్రిజ్‌ల ఏదో ఒకటి మూత పెట్టి ఉంచాలె, ఆదివారం బిర్యాని తప్పదు, ఆదివారం బిర్యాని లేకపోతే ఇంజన్ రూములున్న మనోళ్ళు మూతులు ముడుస్తరు. డెక్కు మీద పనిచేసెటోళ్ళంతా ఫిలిప్పీన్సోళ్ళు, వాళ్ళకు మూడు పూటలు అన్నమే, పొద్దుగాల కూడా అన్నమే, రాత్రి మిగిలిన అన్నంల ఎల్లిగడ్డ దంచి వేసి వేయించి మీద గుడ్డు పెట్టిస్తే ఖుషీ. కెప్టెన్, చీఫ్ ఆఫీసర్ ఉక్రెయినోళ్ళు, వాళ్ళకు బ్రెడ్డు, బీట్‌రూట్, క్యాబేజీ ఉడికించిన బోర్ష్ సూపు, దాని మీద పుల్లటి మీగడ. పంది మాంసం తిననోళ్ళున్నరు, పెద్దకూర తిననోళ్ళున్నరు, అందుకే కత్తులు వేరే, కోసే పలకలు వేరే. ఎవరి మతం, ఎవరి అలవాటు వాళ్ళదే, దాన్ని చూసుకొని తిండి పెట్టాలె అని సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందంలనే రాసి ఉంది, 2006ల చేసిన్రు, మన దేశం 2015ల ఒప్పుకున్నది. తిండి ఫ్రీగనే పెట్టాలని కూడా దాంట్లనే ఉన్నది.

సముద్రం పొంగినప్పుడు వంట సంగతి వేరే. పొయ్యి చుట్టు ఇనుప కడ్డీలుంటయ్, గిన్నెలు జారకుండ వాటి నడుమ ఇరికిస్తం, ఏ గిన్నె సగం కంటే ఎక్కువ నింపం, ఆ రోజు నూనెల వేయించుడు బంద్. బల్ల మీద గుడ్డ తడిపి పరుస్తం, తడి గుడ్డ మీద ప్లేటు కదలది.

ఇగ నాకు ఇష్టమైన ముచ్చట. ఎండకాలం ఎర్ర సముద్రంల పోతున్నం. డెక్కు మీద ఇనుము కాలుతది, తుప్పు కొట్టి కొట్టి వచ్చినోళ్ళు కూర మొఖం చూస్తలేరు, తెచ్చిన ప్లేటు తెచ్చినట్టే వాపస్ వస్తున్నది. ఆకుకూరలు రేవుల ఎక్కిచ్చుకున్న వారానికే అయిపోయినయ్, ఉన్నయి ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, క్యాబేజీ, క్యారెట్. ఏం చేయాలె? ఇంటికెల్లి తెచ్చుకున్న చింతపండు ఉన్నది, నువ్వుల పొడి ఉన్నది. పచ్చిపులుసు చేద్దామనుకున్న. పచ్చిమిరపకాయలు మన ఇంట్ల లెక్క నిప్పుల మీద కాల్చనీకి లేదు, గ్యాలీ, అంటే షిప్పుల వంటగది, దాని తలుపు తెరిచి పొగ పెడితే బయట దారిల ఉన్న అలారం మోగుతది, షిప్పు నడిపించే రూము, బ్రిడ్జి అంటం, అక్కడికెల్లి ఫోన్ వస్తది, అందుకే తలుపేసి పెనం మీద నిదానంగ మాడిచ్చిన. ఉల్లిగడ్డ సన్నగ కోసి, ఉప్పేసి చేతితోని పిసికి, చింతపండు రసం పోసి, నువ్వుల పొడి కలిపి, పోపు పెట్టి, మంచుగడ్డలు వేసి బల్ల మీద పెట్టిన.

బోసన్, అంటే డెక్కు మీద పనోళ్ళకు మేస్త్రి లాంటోడు, యాభై దాటిన మనిషి, గిన్నెల గంటె పెట్టి కలిపి కలిపి చూసిండు. చేప ఏది అన్నడు. లేదన్న. ఉడకబెట్టలేదా అన్నడు. లేదన్న. అనుమానంగనే అన్నంల పోసుకున్నడు, మళ్ళ పోసుకున్నడు, మిగిలింది గ్లాసుల పోసుకొని తాగిండు. చీఫ్ ఆఫీసర్ రుచి చూసి దాంట్ల పుల్లటి మీగడ కలుపుకున్నడు, ఆ పాపం ఆయనదే, నేను చూడనట్టు అటు తిరిగిన.

తెల్లారి బోసన్ తన క్యాబిన్‌ల దాచుకున్న చింతపండు పొడి ప్యాకెట్ పట్టుకొని వచ్చిండు, మాది చూపిస్త అని. వాళ్ళ సినిగాంగ్ అది. నీళ్ళల్ల ఉల్లిగడ్డ, టమాట, ముల్లంగి ఉడకాలె, చింతపండు పడాలె, పొడుగు పచ్చిమిరపకాయలు కోయకుండ వేయాలె, చేప ముక్కలు ఆఖర్ల. వాళ్ళ ఊర్లె అయితే తూటికూర వేస్తరట, మన చెరువుల గట్లకు పెరిగేదే, షిప్పుల యాడిది, క్యాబేజీ వేసినం. పసుపు లేదు, పోపు లేదు. ఇంజన్ రూమోళ్ళు తిని పోపు పెట్టు భాయ్ అన్నరు, పోపు పెడితే బోసన్ ఊకోడు, అందుకే ఆనాటి నుంచి రెండు గిన్నెలు, ఒకటి పోపుతోని ఒకటి పోపు లేకుండ. నన్నడిగితే పోపు ఉన్నదే మంచిగుంటది.

టైం అయితున్నదంటున్నరు, ఒక్క మాట. నేను ఊరికి వచ్చినప్పుడల్ల పోరగాండ్లు అడుగుతరు, అన్నా షిప్పుల కుక్ పని దొరుకుతదా అని. దొరుకుతది, పద్దెనిమిది నిండాలె, వంట ట్రైనింగ్ ఉండాలె, సేఫ్టీ కోర్సులు చేయాలె, సీడీసీ, అంటే షిప్పు పనోళ్ళకు సర్కారు ఇచ్చే గుర్తింపు పుస్తకం, తీసుకోవాలె. గని ఉద్యోగం ఇప్పిస్తమని లక్షలు అడుగుతరు చూడున్రి, అక్కడ ఆగాలె. ఉద్యోగం పెట్టిచ్చినందుకు షిప్పుల పనికి పోయెటోని దగ్గర పైసలు తీసుకోవద్దు, రూల్ అది. పాస్‌పోర్టు, సీడీసీ, మెడికల్ ఖర్చు మనది, వీసా ఖర్చు షిప్పు ఓనర్ది. ఏజెంటుకు ఆర్‌పీఎస్ లైసెన్సు, అంటే షిప్పుల పనికి మనుషుల్ని పెట్టిచ్చే లైసెన్సు, ఉండాలె, షిప్పుల సంగతి చూసే సర్కారు ఆఫీసు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్ల లిస్టు ఉంటది, దాంట్ల కంపెనీ పేరు చూసుకోన్రి, పేరు దొరికినా సరే అక్కడున్న ఆఫీసు నంబరుకే ఫోన్ చేసి అడగున్రి, ఏజెంటు చేతికిచ్చిన నంబరుకు కాదు.