ఎయిర్ గన్‌లో కొబ్బరినూనె పోస్తున్నారా? ఇది చూడండి

(బల్ల మీద విప్పిన ఎయిర్ రైఫిల్, పాత నూలు గుడ్డ, చిన్న నూనె సీసా.)

నమస్తే అండి. ఈ వీడియో కాస్త కోపంగానే చేస్తున్నాను, ఏమీ అనుకోకండి. అమలాపురం వెళ్ళినా, భీమవరం వెళ్ళినా, ఎయిర్ గన్ ఉన్నవాళ్ళు ఎవరు కలిసినా ఒకటే మాట. "మా గన్‌కి నెలనెలా నూనె పోస్తామండి, అందుకే తుప్పు పట్టలేదు." ఏం నూనె అంటే కొబ్బరినూనె. కోనసీమ కదా, తలకీ అదే, తలుపు బందులకీ అదే, తుపాకీకీ అదే. కొంచెం తెలివైనవాళ్ళు కుట్టుమిషన్ నూనె అంటారు. ఎక్కడ పోస్తారండీ అని అడిగితే, బారెల్ విరిచి, అంటే బందు దగ్గర కిందకి వంచి, వెనకాల కనబడే ఆ చిన్న కన్నంలో అంటారు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

(దగ్గరగా: బారెల్ విరిచినప్పుడు కనబడే కన్నం.)

బారెల్ విరిస్తే స్ప్రింగు నొక్కుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే వదిలేస్తుంది, ఇదంతా మీకు తెలిసిందే కాబట్టి దాటేస్తున్నాను. ఈ కన్నం ఎక్కడికి పోతుందో చూద్దాం. తిన్నగా పిస్టన్ ఉండే గొట్టంలోకి పోతుంది. స్ప్రింగు తోస్తే పిస్టన్ ముందుకు దూకినప్పుడు నొక్కుకున్న గాలి ఈ కన్నంలోంచే వచ్చి పెల్లెట్‌ని, అంటే ఆ చిన్న సీసం గుండుని, తోస్తుంది. అంటే మీరు ఇక్కడ పోసిన నూనె, గాలి నొక్కుకునే చోటే కూర్చుంటుంది.

ఇప్పుడు బోదె గట్టున పెట్టే ఆయిల్ ఇంజిను గుర్తు తెచ్చుకోండి. శివారు పొలాలకి కాలవ నీరు అందనప్పుడు పెడతారు కదా, అదే. దానికి స్పార్క్ ప్లగ్ ఉండదు. మరి డీజిల్ ఎలా అంటుకుంటుంది? పిస్టన్ గాలిని పదిహేనో, ఇరవయ్యో వంతుకి నొక్కేస్తుంది. అలా నొక్కిన గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ వేడిలోకి డీజిల్ తుంపరగా పడగానే భగ్గుమంటుంది. నిప్పు ఎవరూ పెట్టరు. గాలిని గభాలున నొక్కడమే నిప్పు.

మీ ఎయిర్ గన్ కూడా అదే పని చేస్తుంది. పిస్టన్ ఉంది, గొట్టం ఉంది, గాలి ఒక్క క్షణంలో నొక్కుకుపోతుంది, వేడి వందల డిగ్రీలకి లేస్తుంది. ఇంజినుకీ దీనికీ తేడా ఒక్కటే, ఇందులో డీజిల్ ఉండదు. ఆ లోటు మీరు తీరుస్తున్నారు! ఆ నూనె ఆవిరై అంటుకుంటుంది. దీన్ని డీజిలింగ్ అనే అంటారు షూటర్లు.

ఇందులో నాకు బాగా చిరాకు తెప్పించే సంగతి ఏమిటంటే, నూనె పోశాక గన్ 'ఢాం' అంటుంది, మూతి దగ్గర పొగ వస్తుంది. చూసినవాళ్ళు "పవరు పెరిగింది రా" అని సంబరపడతారు. పెరిగింది పవరు కాదండి బాబూ, పేలుడు. మొదటి షాటుకి ఎక్కువ నూనె కాలుతుంది, రెండోదానికి తక్కువ, మూడోదానికి ఇంకెంతో. ఒక్కో పెల్లెట్ ఒక్కో వేగంతో పోతుంది. టార్గెట్ మీద పైకీ కిందకీ చల్లినట్టు పడతాయి. అప్పుడు సైటు, అంటే గురి చూసే ముక్క, పాడైందని స్క్రూడ్రైవర్ తీస్తారు. లోపల ఆ పేలుడు పిస్టన్ని వెనక్కి తన్నుతూ, పిస్టన్ మూతికి గాలి జారకుండా పట్టే సీల్‌ని కాల్చేస్తుంది, స్ప్రింగుని కుంగదీస్తుంది. ఆయిల్ ఇంజిను దిమ్మలాంటి పోత ఇనుముతో ఈ దెబ్బ తినడానికే చేసింది. మీ గన్ సీల్ ఓ ప్లాస్టిక్ ముక్క.

కొత్త గన్ కొన్నప్పుడు మొదటి కొద్ది షాట్లకి పల్చగా పొగ రావడం మాత్రం మామూలే. ఫ్యాక్టరీలో రాసిన నూనె అది. కాలిపోతుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

మరి కొబ్బరినూనె సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున మన ఇళ్ళల్లో సీసా బోర్లించినా చుక్క రాదు, చూస్తూనే ఉంటాం. ట్రిగ్గర్ లోపల కొక్కేల మధ్య అదే నూనె అలాగే గడ్డకడితే? నొక్కుడు ఒకరోజు బిగువుగా, ఒకరోజు వదులుగా ఉంటుంది. ట్రిగ్గర్ సరిగ్గా పట్టుకోకుండా జారడం అంటే ప్రమాదం. పైగా కొన్నాళ్ళకి కొబ్బరినూనె కంపు కొడుతుంది చూడండి, అప్పుడు అందులో ఆమ్లాలు పుడతాయి. తుప్పు పట్టకూడదని రాసిన నూనె తనే ఇనుముని తినడం మొదలుపెడుతుంది. ఇంజిన్లో కొబ్బరినూనె పోస్తారా అండీ ఎవరైనా? పోయరు కదా. మరి దీనికెందుకు?

సరే, తుప్పు గొడవ నిజమే. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉప్పుగాలి, లోపల వైపు చేపల చెరువులు, ఎక్కడ చూసినా తేమే. కానీ మన దగ్గర గన్‌కి అసలు శత్రువు చేతి చెమట. బారెల్ పట్టుకుని దించి, అలాగే సంచిలో పెట్టేస్తే, వానాకాలంలో మర్నాటికే వేలిముద్రలు ఎర్రగా తేలతాయి. దానికి మందు చాలా చౌక. పొడి గుడ్డతో మొత్తం తుడవండి. తర్వాత గుడ్డకి రెండు చుక్కలు గన్ ఆయిల్ అద్ది, ఇనుము పై భాగమంతా ఒక చేయి తిప్పండి. పట్టుకుంటే వేలికి జిడ్డు తెలియకూడదు, అంత పల్చగా. నూనె గుడ్డకి పెట్టాలి, గన్‌కి కాదు. ఇంతే. బారెల్ విరిగే బందు దగ్గర, అప్పుడప్పుడు, అగ్గిపుల్ల మొనతో ఇంత మాలీ గ్రీజు, అంటే మాలిబ్డినం కలిసిన గ్రీజు. ఇంజిన్లో కూడా గ్రీజు పెట్టే చోటు వేరు, డీజిల్ పోసే చోటు వేరు కదా.

ఆ కన్నంలో ఏం వెయ్యాలి అని మళ్ళీ అడుగుతారు. ఇప్పటి గన్నులకి ఏమీ వెయ్యక్కర్లేదు. తోలు వాషర్ ఉన్న పాతకాలం గన్ అయితే తయారీదారు చెప్పిన నూనె మాత్రం, వాళ్ళు చెప్పినంతే. తుప్పు వదిలించే స్ప్రే కూడా అందులో కొట్టకండి, అదీ అంటుకుంటుంది.

(గన్‌ని గోడకి నిలబెట్టి చూపిస్తూ.)

ఇలా మూతి పైకి పెట్టి బీరువా మూల నిలబెడతారు. బారెల్లో నూనె రాసి ఉంటే అది నెమ్మదిగా కిందకి దిగి ఎక్కడికి చేరుతుంది? ఆ కన్నంలోకే! మీరు పోయకపోయినా అదే పోసుకుంటుంది. అందుకే పడుకోబెట్టండి. స్పాంజి ఉన్న పెట్టె ప్రయాణానికి బాగుంటుంది, నెలల తరబడి దాచడానికి కాదు, స్పాంజి తేమని పట్టుకు కూర్చుంటుంది. తోలు కవరు ఇంకా చెడ్డది. సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. కొందరు బియ్యం పోసిన డబ్బాలో పెట్టమంటారు. అన్నం పెట్టే జిల్లాల వాళ్ళం కాబట్టి అన్నిటికీ బియ్యమే మందు మనకి. తవుడు బారెల్లోకి పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇంకో అలవాటు. పెల్లెట్ పెట్టకుండా ఉత్తినే కాల్చడం. కొట్లో కూడా అలాగే చేసి చూపిస్తారు, చూస్తే గుండె ఆగుతుంది. ముందు పెల్లెట్ అడ్డంగా ఉంటేనే గాలి నొక్కుకుని పిస్టన్‌కి మెత్తలా పనిచేస్తుంది. పెల్లెట్ లేకపోతే గాలి జారిపోతుంది, పిస్టన్ వెళ్ళి గొట్టం చివర దబ్బున కొట్టుకుంటుంది, సీల్ దెబ్బతింటుంది. కంప్రెషన్ పోయిన ఇంజిను తొక్కి తొక్కి చూసినా స్టార్ట్ అవ్వదు కదా, సీల్ పోయిన గన్ కూడా అంతే. పెల్లెట్ బద్ధకంగా బయటికొస్తుంది.

కాల్చడం గురించి. స్ప్రింగు గన్‌ని గట్టిగా బిగించి పట్టుకుంటేనే గురి కుదురుతుందని ఎవరు చెప్పారో గానీ, అది తప్పు. ఇంజిను నడిచేటప్పుడు ఎలా ఊగుతుందో ఇదీ అలాగే ఊగుతుంది. ముందు వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగగానే ముందుకి గుంజుతుంది. ఇదంతా పెల్లెట్ ఇంకా బారెల్లో ఉండగానే. ఆ ఊపుని ఆపలేరు. ప్రతిసారీ ఒకేలా ఊగనివ్వండి, చాలు. ముందు చేతి అరచేతిలో గన్ కింది చెక్కని ఆనించండి, పిడికిలి బిగించకండి. ఎక్కడ ఆనించారో ప్రతి షాటుకీ అక్కడే. గోడ అంచు మీదా, ఇసుక బస్తా మీదా బారెల్ పెట్టి కాలిస్తే ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. అలాగే ఇంజిను వణుకుడికి నట్లు వదులైనట్టు, ఈ ఊపుకి చెక్కని పట్టే స్క్రూలు వదులవుతాయి. గురి ఉన్నట్టుండి తప్పితే సైటు ముట్టుకునే ముందు ఆ స్క్రూలు చూడండి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుదించుకుపోతుంది కాబట్టి మన దగ్గర ఇది ఇంకా ఎక్కువ.

కన్ను ఎక్కడ పెట్టాలి? టార్గెట్ మీద కాదు, ముందు సైటు మీద. టార్గెట్ కొంచెం మసకగా కనబడనివ్వండి. లెక్క చెప్తాను. రెండు సైట్ల మధ్య 45 సెంటీమీటర్లు ఉందనుకోండి. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే, 10 మీటర్ల దూరంలో దెబ్బ 22 మిల్లీమీటర్లు తప్పుతుంది. ఒలింపిక్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ అడ్డకొలత మొత్తం 45.5 మిల్లీమీటర్లు, నడిమి పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అంటే పది నుంచి వలయాల అంచుకి పోయారన్నమాట. అదే సైట్లు రెండూ సరిగ్గా కలిసి ఉండి, గన్ మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే దెబ్బ కూడా ఒక మిల్లీమీటరే జరుగుతుంది. చేయి వణకడం గురించి బెంగ పెట్టుకోకండి, సైట్లు కలవకపోవడం గురించి పెట్టుకోండి. పెల్లెట్ తగిలాక కూడా గన్‌ని ఒక క్షణం అలాగే ఉంచండి, తల ఎత్తి చూడకండి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ముందే గాలి నింపి పెట్టుకునే సిలిండర్ ఉండే పి.సి.పి. గన్నుల్లో గాలి ఒత్తిడి 200 బార్లు, కొన్నిట్లో 300 దాకా ఉంటుంది. చేతిపంపుతో మన తేమగాలి అంతలా నొక్కితే లోపల నీళ్ళు దిగుతాయి. తేమ పీల్చే ఫిల్టరు లేని పంపు కొనకండి. ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఆక్సిజన్ కి జిడ్డు తగిలితే ఏమవుతుందో ఇంజిను కథ విన్నాక నేను చెప్పక్కర్లేదు. సిలిండర్ మీద తేదీ ఉంటుంది, పోటీల గన్నుల సిలిండర్లకి సాధారణంగా పదేళ్ళు. దాటితే మార్చేయడమే. ఎంత బాగా చూసుకున్నా యంత్రం యంత్రమే లెండి, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్‌కి పోటీ మధ్యలోనే పిస్టల్ మొరాయించింది. 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చుకుంది.

లైసెన్సు ఉన్న 12 బోర్ తుపాకీ ఇళ్ళవాళ్ళకి: పౌడరు కాలే తుపాకీ బారెల్‌ని కాల్చిన రోజే తుడవాలి, మర్నాడు కాదు. ఎన్నికలప్పుడు స్టేషన్లో జమ చేసి నెలల తర్వాత తెచ్చుకుంటారు కదా. ఇచ్చేముందు తూటా లేదని చూసి, పల్చగా నూనె గుడ్డ తిప్పి, తోలు కవరు లేకుండా ఇవ్వండి. తెచ్చుకున్నాక మొదటి పని, విరిచి బారెల్లోంచి వెలుతురుకి చూడడం. కందిరీగ మట్టిగూడు ఉన్నా, మర్చిపోయిన గుడ్డ ముక్క ఉన్నా బారెల్ పగిలిపోతుంది. లోపలి నూనె పొడిగుడ్డతో తీసేశాకే తూటా.

చట్టం సంగతి. ఎయిర్ గన్ శక్తి 20 జౌళ్ళు దాటినా, బోరు, అంటే బారెల్ లోపలి కన్నం, 4.5 మిల్లీమీటర్లు దాటినా లైసెన్సు కావాలి. కొంగలు, కొల్లేటి పిట్టలు, గబ్బిలాలు అని నాకు చెప్పకండి, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, నాకు ఆ సరదా అస్సలు నచ్చదు కూడా. పెళ్ళిళ్ళలో, పండగల్లో తుపాకీ కాల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కొబ్బరిచెట్టుకి గురి పెట్టకండి, తప్పిన పెల్లెట్ రెండు వందల మీటర్లు దాటి పోగలదు, పక్క తోటలో దింపు తీసేవాళ్ళు ఉంటారు. వెనక మట్టిదిబ్బ ఉంటేనే కాల్చండి. పెల్లెట్లు సీసం, నోట్లో పెట్టుకుని లోడ్ చేసే అలవాటు మానండి, అయ్యాక సబ్బుతో చేతులు కడగండి.

ట్రిగ్గర్ విప్పడం గురించి అడిగారు, అది ఇంట్లో విప్పేది కాదు, మంచి ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. ఉంటానండి.